లోటస్ ఎలీజ్ కేస్ స్టడీ: జిగురు మీద నిలబడ్డ కారు

పోయిన నవంబర్‌లో ఒక ఆదివారం పొద్దున్నే మావాడొకడు ఫోన్ చేశాడు, ఖమ్మం వాడే, ఇక్కడ బర్మింగ్‌హామ్‌లో ఐటీలో చేస్తాడు, "అన్నా, ఒక ఎలీజ్ దొరికింది, 1998 మోడల్, రేటు మిగతావాటికన్నా బాగా తక్కువ చెప్తున్నాడు, నువ్వొక్కసారి వచ్చి కారు కింద దూరి చూడాలి" అన్నాడు. ఎలీజ్ అంటే లోటస్ కంపెనీ చేసిన రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. రేటు ఎందుకు తక్కువో అమ్మే ఆయన దాచలేదు. నాలుగేళ్ల కింద ఎడమ ముందు చక్రం ఫుట్‌పాత్ అంచుకి గట్టిగా తగిలిందంట, చక్రాన్ని కారుకి పట్టి ఉంచే విష్‌బోన్ మార్పించాడంట, ఇప్పుడు స్టీరింగ్ వదిలేసినా తిన్నగానే పోతుందంట. నేను బాడీ స్ట్రక్చర్స్ ఇంజనీర్‌ని, ముందు చెన్నైలో, పదకొండేళ్లుగా ఇక్కడ మిడ్‌లాండ్స్‌లో, అందులో ఎక్కువ భాగం అల్యూమినియం ముక్కల్ని జిగురుతో అతికించే పనే, కాబట్టి వాడు నన్ను పిలవడంలో న్యాయం ఉంది. వెళ్లాను. లిఫ్ట్ మీద పెట్టించి కింద పలక విప్పి ఓ గంట చూశాను.

ఏం చూశానో చివర్లో చెప్తాను, ఎందుకంటే కారుకి అస్థిపంజరం లాంటి ఆ ఛాసిస్ అలా ఎందుకు పుట్టిందో తెలియకపోతే నేను టార్చ్ వేసి ఎక్కడ వెతికానో, ఎందుకు వెతికానో అర్థం కాదు. ఈ కారులో ప్రతి నిర్ణయం వెనకా ఒకటే ప్రశ్న ఉంది: ఏడాదికి ఎన్ని కార్లు చేస్తాం? ఈ ప్రశ్న పట్టుకుని చూస్తే కారు మొత్తం విప్పి పెట్టినట్టు కనబడుతుంది.

డబ్బుల్లేని కంపెనీ

లోటస్ ఉండేది ఇంగ్లండ్‌లో నార్ఫోక్ అనే చోట, హెథెల్ దగ్గర, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ బాంబర్లు ఎగిరిన పాత ఎయిర్‌ఫీల్డ్ అది. ఫౌండర్ కోలిన్ చాప్‌మన్ 1982లో పోయాడు, 1986లో జనరల్ మోటార్స్ కొనుక్కుంది, వాళ్ల డబ్బుతో 1989లో కొత్త ఎలాన్ తెచ్చారు, ఇసుజు ఇంజిన్, ముందు చక్రాల డ్రైవ్. కారు మంచిదే, రోడ్డు పట్టుకునే తీరు ఇప్పటికీ చెప్పుకుంటారు, కానీ దాని మీద పెట్టిన పెట్టుబడికి అమ్ముడైన కార్లకి లెక్క కుదరలేదు, 1992లో ఆపేశారు. 1993లో జనరల్ మోటార్స్ లోటస్‌ని ఇటలీ వ్యాపారి రొమానో ఆర్టియోలీకి అమ్మేసింది, అప్పట్లో బుగాటీ కార్ల కంపెనీ కూడా ఆయనదే.

అంటే పరిస్థితి ఏంటంటే, చేతిలో మంచి ఇంజనీర్లున్నారు, ఊళ్లో టెస్ట్ ట్రాక్ ఉంది, పేరుంది, డబ్బు మాత్రం లేదు, ఏదో ఒక కొత్త కారు రాకపోతే కంపెనీ నిలబడదు. కొత్త కారుకి పెట్టిన కోడ్ పేరు ఎం1-11. డిజైన్ జూలియన్ థామ్సన్, ఛాసిస్ రిచర్డ్ రాక్‌హామ్, ప్రాజెక్ట్ నడిపింది టోనీ ష్యూట్. అనుకున్న లెక్క ఏడాదికి కొన్ని వందల కార్లు.

ఆ కొన్ని వందలు అనేదాని దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. మామూలు కారు బాడీ అంటే స్టీల్ రేకుని ప్రెస్‌లో పెట్టి డైలు అనే అచ్చులతో కొట్టి స్పాట్ వెల్డింగ్ చేయడం. ఒక్కో ప్యానెల్‌కి ఒక్కో డై సెట్టు కావాలి, అవి భయంకరమైన ఖరీదు, ఏడాదికి లక్ష కార్లు చేసేవాడికి ఆ ఖర్చు కారుకింత అని విడిపోయి కనబడకుండా పోతుంది, ఐదొందల కార్లు చేసేవాడికి ఆ డైల ఖర్చే కారు ధరని మింగేస్తుంది. కాబట్టి తక్కువ సంఖ్యలో చేసేవాడు టూలింగ్, అంటే ఈ అచ్చుల లాంటి సరంజామా, చవగ్గా ఉండే పద్ధతి వెతుక్కోవాలి, ఒక్కో ముక్క కొంచెం ఖరీదైనా ఫర్వాలేదు. ఇంగ్లండ్‌లో చిన్న స్పోర్ట్స్ కార్ల వాళ్లలో చాలామంది ఫైబర్‌గ్లాస్ బాడీలు ఎందుకు చేశారంటే ఇదే కారణం. రాక్‌హామ్ వాళ్లు ఇదే లాజిక్‌ని ఛాసిస్ దాకా తీసుకెళ్లారు.

జంతికల గొట్టం

వాళ్లు ఎంచుకున్నది అల్యూమినియం ఎక్స్‌ట్రూజన్. ఇది తెలియని వాళ్లకి మన ఇంట్లో జంతికల గొట్టం చూపిస్తే చాలు. పిండి ఒకటే, కింద బిళ్ళ మారిస్తే ఆకారం మారుతుంది, నక్షత్రం బిళ్ళ వేస్తే జంతిక, సన్న చిల్లుల బిళ్ళ వేస్తే కారప్పూస. అల్యూమినియం దిమ్మెని నాలుగైదొందల డిగ్రీలకి వేడి చేసి బిళ్ళలోంచి నెడితే అదే ఆకారంలో మీటర్ల కొద్దీ పొడుగ్గా వస్తుంది, లోపల గదులున్న బోలు పెట్టెలా కూడా వస్తుంది. బిళ్ళ ఖరీదు ప్రెస్ డై ఖరీదుతో పోలిస్తే అసలు లెక్కలోకే రాదు. పైగా బోల్ట్ కూర్చునే గాడి, పక్క ముక్క ఆనుకునే అంచు, జిగురు మందం ఎంతుండాలో నిర్ణయించే చిన్న గీత, ఇవన్నీ ఆ బిళ్ళలోనే చెక్కేయొచ్చు, తర్వాత విడిగా మెషినింగ్ చేయక్కర్లేదు.

వాడిన మిశ్రమం 6063, టి6 గట్టిదనం. హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్‌కెళ్లినా స్లైడింగ్ కిటికీల ఫ్రేములు మామూలుగా ఈ 6063 కుటుంబమే. కారు తయారైంది కిటికీ లోహంతో అని చెప్తే మావాడు నమ్మలేదు, నిజం.

ఇప్పుడు అసలు చిక్కు. ఎలీజ్‌కి పైకప్పు లేదు, గుడ్డ టాప్ ఉంటుంది అంతే. ఒక అట్టపెట్టె తీసుకుని రెండు చివర్లూ పట్టుకుని మెలితిప్పి చూడండి, తిరగదు. పై మూత కోసేసి మళ్లీ తిప్పండి, చేతిలో వడలిపోతుంది. పైకప్పు లేని ప్రతి కారుకీ ఉన్న జబ్బు ఇదే, ఛాసిస్ మెలితిరిగితే సస్పెన్షన్ ఎంత బాగా డిజైన్ చేసినా వృథా, స్ప్రింగ్ చేయాల్సిన పని ఛాసిస్ చేస్తుంటుంది. దీనికి మందు తలుపు కింద ఉండే సిల్ దూలాల్ని మూసిన పెట్టెల్లా చేసి, వీలైనంత పెద్దవి చేయడం.

ఎంత పెద్దవి అంటే, మా ఫీల్డ్‌లో అందరికీ తెలిసిన లెక్క ఒకటుంది. మూసిన పెట్టె దూలానికి మెలితిరగని గుణం అది చుట్టుకున్న విస్తీర్ణం వర్గాన్ని బట్టి, గోడ మందాన్ని బట్టి పెరుగుతుంది, చుట్టుకొలతని బట్టి తగ్గుతుంది. గోడ మందం అలాగే ఉంచి వెడల్పు ఎత్తు రెండూ రెట్టింపు చేస్తే బరువు రెండు రెట్లవుతుంది, గట్టిదనం ఎనిమిది రెట్లవుతుంది. ఇప్పుడు గోడ మందం సగం చేయండి, బరువు మళ్లీ మొదటికొస్తుంది, గట్టిదనం ఇంకా నాలుగు రెట్లు మిగిలే ఉంది! అల్యూమినియం స్టీల్‌లో మూడో వంతే బిరుసు, బరువూ మూడో వంతే, కాబట్టి లోహం మార్చినంత మాత్రాన ఒరిగేదేం లేదు, లాభమంతా పెద్ద పెట్టె పల్చటి గోడ అనే ఈ చోటే ఉంది. నేను కొత్తగా చేరే పిల్లలకి మెటీరియల్ గురించి ఆలోచించే ముందు సెక్షన్ గురించి ఆలోచించమని ఈ కారు చూపించే చెప్తాను.

కానీ పల్చటి గోడల్ని కలపడం ఎలా? 6063 టి6ని వెల్డ్ చేస్తే ఆ వేడికి అతుకు చుట్టుపక్కల బలం సుమారు సగానికి పడిపోతుంది, హీట్ ట్రీట్‌మెంట్‌తో తెచ్చుకున్న గట్టిదనం మొత్తం కరిగిపోతుంది, ముక్క కూడా వంకర పోతుంది. ఆ నష్టం పూడ్చుకోవడానికి గోడ ఎక్కడికక్కడ మందం చేసుకుంటూ పోవాలి, మందం చేస్తే పైన చెప్పిన లాభం పోతుంది. అందుకని జిగురు. సీబా కంపెనీ ఎపాక్సీ, వేడి చేస్తే గట్టిపడేది, దాంతో గోడలు ఒకటిన్నర ఎంఎం దాకా పల్చబడ్డాయి.

జిగురు అనగానే చాలామందికి అనుమానం వస్తుంది, నాకూ కాలేజీ రోజుల్లో ఉండేది. జిగురుకి ఒక స్వభావం ఉంది, రెండు పలకల్ని ఒకదాని మీద ఒకటి జారేలా లాగితే అది గొప్పగా పట్టుకుంటుంది, ఎందుకంటే బరువు అతుకు మొత్తం మీద పంచుకుంటుంది, స్పాట్ వెల్డ్‌లా ఒక్క చుక్క దగ్గర పోగుపడదు. అదే ఒక అంచు పట్టుకుని స్టిక్కర్ ఊడదీసినట్టు పైకి లాగితే మొత్తం బలం ఒక సన్న గీత మీద పడుతుంది, అక్కడ్నుంచి చిరిగిపోతుంది. కాబట్టి అతుకులన్నీ జారుడు దిశలోనే బరువు పడేలా అమర్చాలి, ఎక్కడెక్కడ అంచు లేవొచ్చో అక్కడ స్క్రూ లాంటి ఫాస్టెనర్ కూడా వేయాలి. ఎలీజ్‌లో అతుకుల చివర కనిపించే ఆ ఫాస్టెనర్లు అందుకే ఉన్నాయి, మామూలుగా బరువు మోసేది జిగురే, గుద్దుకున్నప్పుడు అంచు లేవకుండా ఆపేది అవి.

ఇంకో సంగతి, జిగురు పట్టేది లోహాన్ని కాదు, లోహం పైపొరని. అల్యూమినియం మీద గాలికి వచ్చే పొర నమ్మదగింది కాదు, అందుకని ముక్కల్ని ముందు యానోడైజ్ చేసి, అంటే కరెంటుతో గట్టి ఆక్సైడ్ పొర పట్టించి, ఆ పొర మీద జిగురు వేసి, ముక్కల్ని సరైన చోట పట్టి ఉంచే జిగ్‌లో బిగించి, మొత్తం ఛాసిస్‌ని ఓవెన్‌లో పెట్టి కాల్చేవారు. ఈ పనంతా డెన్మార్క్‌లో టోండర్ అనే ఊళ్లో హైడ్రో అల్యూమినియం వాళ్లు చేశారు, అక్కడ్నుంచి ఛాసిస్‌లు హెథెల్‌కి వచ్చేవి. ఈ భాగస్వామ్యం నాకు చాలా తెలివైన పనిగా కనిపిస్తుంది, లోటస్‌కి ఓవెన్ కొనే పని తప్పింది, హైడ్రోకి తమ లోహంతో ఏం చేయొచ్చో చూపించుకునే అవకాశం దొరికింది.

ఫలితం 68 కేజీల ఛాసిస్. దాన్ని ఒక డిగ్రీ మెలితిప్పాలంటే దాదాపు 10,000 న్యూటన్ మీటర్లు కావాలి, అంటే మీటర్ పొడుగు కడ్డీ చివర టన్ను బరువు వేలాడదీసినట్టు. పైకప్పు లేని కారుకి, 1995లో, ఇద్దరు మనుషులు అవలీలగా మోయగలిగే ఫ్రేముతో! నేను ఈ అంకె మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను.

మిగతా కారు

ఛాసిస్ తేలికైతే మిగతావన్నీ వరసగా తేలికవుతూ పోతాయి. చిన్న ఇంజిన్ సరిపోతుంది, ఇంజిన్ చిన్నదైతే బ్రేకులు చిన్నవి చాలు, బరువు తక్కువ కాబట్టి పవర్ స్టీరింగ్ అక్కర్లేదు, బ్రేకు నొక్కడానికి సాయపడే సర్వో అక్కర్లేదు. మొదటి ఎలీజ్ బరువు 725 కేజీలు, ఇంచుమించు మన మారుతి 800 దరిదాపుల్లోకి వచ్చే బరువు, దానికి వెనక 118 హార్స్‌పవర్. లోపల కార్పెట్ లేదు, ఛాసిస్ అల్యూమినియమే కళ్లకి కనబడుతూ ఉంటుంది, పెడల్స్ కూడా ఎక్స్‌ట్రూజన్ ముక్కలే. థామ్సన్, రాక్‌హామ్ ఇద్దరూ డుకాటీ బైకుల అభిమానులు, బైకుకి ఫ్రేము బయటికి కనబడటమే అందం కదా, ఆ ఆలోచన ఇక్కడికొచ్చింది. కప్పిపెట్టే ట్రిమ్ లేకపోతే దాని టూలింగ్ ఖర్చూ లేదు, చూడండి మళ్లీ అదే ప్రశ్న దగ్గరికే వచ్చాం.

ఇంజిన్ రోవర్ కె సిరీస్, 1.8 లీటర్, ఎంజీఎఫ్ అనే స్పోర్ట్స్ కారులో వాడిందే, గేర్‌బాక్స్ కూడా రోవర్‌దే. ఈ కారు కోసం సొంత ఇంజిన్ చేసుకోలేదు, తేలికైన అల్యూమినియం ఇంజిన్ పక్కనే దొరుకుతుంటే తీసుకున్నారు, సరైన నిర్ణయమే. కానీ ఆ ఇంజిన్‌తో పాటు దాని బలహీనత కూడా వచ్చింది. కె సిరీస్‌లో ఇంజిన్ పై భాగమైన హెడ్ నుంచి కింద దాకా పొడుగాటి బోల్టులు ఇంజిన్ మొత్తాన్ని శాండ్‌విచ్‌లా బిగిస్తాయి, వేడిని బట్టి నీళ్లు వదిలే వాల్వు, థర్మోస్టాట్, ఇంజిన్‌లోకి నీళ్లు వచ్చే వైపు ఉంటుంది. ఎలీజ్‌లో ఇంజిన్ వెనక, రేడియేటర్ ముందు, మధ్యలో పొడుగు పైపుల్నిండా చల్లటి కూలెంట్, థర్మోస్టాట్ తెరుచుకోగానే ఆ చల్లటిది వేడి ఇంజిన్‌లోకి ఒక్కసారి వస్తుంది, హెడ్ కింద లీకు కాకుండా ఆపే గాస్కెట్ మీద దెబ్బ పడుతుంది. తర్వాత హెడ్ జరగకుండా ఆపే స్టీల్ పిన్నులు (డోవెల్స్), పొరల స్టీల్ గాస్కెట్, దూరంగా పెట్టే థర్మోస్టాట్ లాంటి మందులు వచ్చాయి. కొనేవాళ్లు ఇది అడక్కుండా కొనొద్దు.

బ్రేకుల కథ ఇంకోలా ఉంటుంది. మొదటి కార్లకి డిస్కులు అల్యూమినియంలో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపిన మిశ్రమంతో చేసినవి, ల్యాంక్సైడ్ అనే కంపెనీవి, ఇనుప డిస్కులకన్నా చాలా తేలిక, చక్రం వైపు తగ్గే ప్రతి కేజీ రైడ్‌లో తెలుస్తుంది. సప్లై ఆగిపోయింది, మామూలు ఇనుప డిస్కులకి మారాల్సొచ్చింది. ఒకే ఒక్కడు తయారుచేసే ముక్క మీద ఆధారపడితే వచ్చే ఇబ్బంది ఇది, తక్కువ సంఖ్యలో కొనేవాడికోసం ఎవడూ లైన్ ఆపకుండా నడపడు.

1995 సెప్టెంబర్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో కారుని చూపించారు, పేరు ఆర్టియోలీ మనవరాలు ఎలీసాది. అదే నెలలో ఆయన బుగాటీ దివాలా తీసింది. ఒక చేత్తో మనవరాలి పేరున్న కారు, ఇంకో చేత్తో దివాలా కాగితాలు, ఆ మనిషి ఆ నెల ఎలా గడిపాడో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. 1996లో కార్లు బయటికి రావడం మొదలైంది, అదే ఏడాది లోటస్‌లో ఎక్కువ వాటా మలేషియా కార్ల కంపెనీ ప్రోటాన్ చేతికి వెళ్లింది. జనం ఎగబడ్డారు. ఏడాదికి కొన్ని వందలే అనుకున్నది మొదటి సిరీస్ ముగిసేసరికి మొత్తం పది వేలు దాటింది.

ఇదంతా బాగానే ఉంది కానీ లోపాలు కూడా ఇదే మూలంలోంచి వచ్చాయి. సిల్ దూలాలు అంత పెద్దవి కాబట్టి టాప్ వేసున్నప్పుడు లోపలికి దూరడం ఒక వ్యాయామం, మా నాన్నగారి వయసు వాళ్లని ఎక్కించలేం. ముందు భాగం బాడీ అంతా ఒకే పెద్ద ఫైబర్‌గ్లాస్ ముక్క, రేడియేటర్ మార్చాలన్నా అది మొత్తం దించాల్సిందే. అన్నిటికన్నా పెద్దది, ఛాసిస్ దెబ్బతింటే రిపేర్ లేదు, మార్చాల్సిందే. దూలం వంగితే వెనక్కి లాగి సరిచేయడానికి వీల్లేదు, లాగితే కంటికి కనబడని చోట జిగురు ఊడుతుంది. నా అభిప్రాయం సూటిగా చెప్తాను, ఈ డిజైన్‌లో రిపేర్ గురించి సరిపడా ఆలోచించలేదు. ముందు గుద్దుకుంటే నలిగిపోవడానికి విడిగా ఫైబర్ క్రాష్ బాక్స్ పెట్టారు, అది మార్చుకోవచ్చు, చాలా మంచి పని. కానీ సస్పెన్షన్ బ్రాకెట్లు పట్టుకునే చోట అలాంటి త్యాగం చేసే ముక్క లేదు, అక్కడ దెబ్బ నేరుగా మెయిన్ ఛాసిస్‌కి వెళ్తుంది. మొదటి ఓనర్ రోజుల్లో ఇన్సూరెన్స్ కొత్త ఛాసిస్ ఇస్తుంది, పాతికేళ్ల తర్వాత నాలుగో ఓనర్‌కి ఎవరిస్తారు?

2000లో యూరప్ కొత్త క్రాష్ నిబంధనలకి మొదటి సిరీస్ సరిపోలేదు, రెండో సిరీస్ తెచ్చారు, సిల్ ఎత్తు తగ్గించారు. దానికి ఖర్చు పంచుకోవడానికి జనరల్ మోటార్స్ మళ్లీ వచ్చింది, ఈసారి కస్టమర్‌గా, ఓపెల్ స్పీడ్‌స్టర్, వాక్స్‌హాల్ వీఎక్స్220 పేర్లతో అదే హెథెల్‌లో చేయించుకుంది. వాటి వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2,330 ఎంఎం, ఎలీజ్‌ది 2,300. ఆ ముప్ఫై ఎంఎం తేడా ప్రెస్ డైల కారులో అయితే పెద్ద తలనొప్పి, ఇక్కడ జంతిక ఇంకాస్త పొడుగు కోయడమే. 2008లో టెస్లా మొదటి రోడ్‌స్టర్ కూడా ఇలాగే ఈ ఛాసిస్ ఆలోచనని సాగదీసి, దాదాపు 450 కేజీల బ్యాటరీ పెట్టి చేశారు. ఎలీజ్ 2021 దాకా నడిచింది, మొత్తం 35 వేలకి పైగా.

మావాడి కారు

ఇప్పుడు ఆ ఆదివారానికి వద్దాం. కింద పలక తీశాక నేను చూసింది మూడు. మొదటిది, ఎడమ ముందు బ్రాకెట్ దగ్గర అతుకుల అంచుకి బయటికొచ్చిన జిగురు గీత. అది దెబ్బ తినకపోతే కుడివైపు ఎలా ఉందో ఎడమవైపూ అలాగే నున్నగా ఉండాలి. ఎడమవైపు వేలెడు పొడుగున తెల్లటి సన్న పగులు ఉంది. రెండోది, దూలం గోడ మీద టార్చ్ పక్కనుంచి వేస్తే చిన్న అల కనబడింది, కుడివైపు లేదు. మూడోది, టేపు పట్టి రెండు వైపులా ఒకే బిందువుల మధ్య కొలిస్తే ఎడమ నాలుగు ఎంఎం తక్కువ. ఈ నాలుగు ఎంఎంని అలైన్‌మెంట్‌లో సర్దేశారు, అందుకే కారు తిన్నగా పోతోంది.

"అన్నా, అక్కడొక్కచోటే కదా, వెల్డ్ కొట్టిస్తే పోదా?" అన్నాడు. వాడి మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదు, కానీ వెల్డ్ వేడికి ఆ గోడ బలం సగం పోతుంది, పక్కనున్న జిగురు కాలిపోతుంది, ఇప్పుడున్న పగులు కన్నా అది ఎక్కువ ప్రమాదం అని చెప్పాను. జిగురు లోపల ఎంత దూరం ఊడిందో బయట్నుంచి నేను చెప్పలేను, నేను చెప్పలేని దాని మీద నువ్వు నీ పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకుని మోటర్‌వే మీద పోవద్దురా అన్నాను. అమ్మే ఆయనకి కూడా ఫోటోలు ఇచ్చాం, ఆయన పాపం నిజంగానే బాధపడ్డాడు, ఆయనకీ తెలియదు.

మార్చిలో మావాడు ఇంకోటి కొన్నాడు, 1999ది, బిల్లులన్నీ ఉన్నవి, గాస్కెట్ మార్చింది, దెబ్బ తగలనిది. ఇంటికి తెచ్చిన మొదటి శనివారమే ఇద్దరం కలిసి కింద పలక విప్పి, దుమ్ము తుడిచి, నాలుగు బ్రాకెట్ల దగ్గరా జిగురు గీతల్ని స్కేలు పక్కన పెట్టి ఫోటోలు తీసి, కుడి ఎడమ కొలతలు రాసి, పేపర్ మీద తేదీ వేసి సర్వీస్ ఫైల్‌లో మొదటి పేజీగా పెట్టాం. తర్వాత పలక బిగించేటప్పుడు పాత స్టీల్ స్క్రూలు అల్యూమినియాన్ని తినేస్తున్నట్టు రెండు చోట్ల కనబడింది, వాటికి గ్రీజు పూసి కొత్తవి వేశాం, పదమూడు స్క్రూలు ఇంకా ఆర్డర్‌లో ఉన్నాయి.